ఏడాది కారం ఒక్కసారే పట్టించాలా?

ఉగాది వెళ్ళిందంటే గుంటూరులోనూ విజయవాడలోనూ మేడల మీద మిరపకాయలే. నలుగురున్న ఇంటికి ఆరు కిలోలు తేవడం, రెండ్రోజులు ఎండబెట్టడం, మూడో రోజు మరకు పట్టుకెళ్ళడం, డబ్బాలకెత్తడం. ఇక ఏడాది పాటు ఆ ఊసు ఉండదు. దసరా దాటాక చూస్తే కారం ఇటుకపొడి రంగులో ఉంటుంది, కూర ఎర్రగా రాదు. "ఈసారి కాయే మంచిది పడలేదు" అని కొట్టువాణ్ణి తిట్టుకుంటాం. చాలాసార్లు కాయ తప్పేం ఉండదు. ఏడాదికి సరిపడా కాయ కొనడం మంచి పనే. దాన్నంతా ఒక్కరోజే పొడి చేసి పెట్టుకోవడంలోనే ఉంది చిక్కంతా.

మిరపకాయలో రంగు వేరు, కారం వేరు. ఎరుపంతా క్యాప్సాంథిన్ లాంటి రంగు పదార్థాలది. వాటికి గాలి, వెలుతురు, వేడి మూడూ పడవు. కాయగా ఉన్నంతకాలం తొక్క కాస్తో కూస్తో అడ్డం ఉంటుంది. పొడి చేశామంటే ప్రతి రేణువూ గాలికి తెరిచిపెట్టినట్టే. కారాన్నిచ్చే క్యాప్సైసిన్ మాత్రం మొండిది, అంత తేలిగ్గా పోదు. అందుకే ఆరేడు నెలల పాత కారం వెలిసిపోయినా మంట మంటగానే ఉంటుంది. ఇక్కడే వంటింట్లో తెలియకుండా ఒకటి జరుగుతుంది. రంగు రాలేదని చెంచా వేసేచోట చెంచాన్నర వేస్తాం. రంగు కాస్త వస్తుంది, మంట ఒకటిన్నర రెట్లు అవుతుంది. కార్తీకం వచ్చేసరికి ఇంట్లో ఒకరికి ఛాతీలో మంట, ఇంకొకరు పెరుగు లేకుండా ముద్ద మింగలేని స్థితి. కారం డబ్బా మీదకి ఎవరి అనుమానమూ పోదు.

గుంటూరు చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీలనే చూడండి. నెలల తరబడి అక్కడ దాచేది ప్రధానంగా కాయనే. పొడి చేయడం అమ్ముకునే ముందు మాట. కోట్ల సరుకు పెట్టుకున్నవాళ్ళు చేసే పనే ఇంట్లోనూ చేస్తే సరి. ఆరు కిలోలూ ఇప్పుడే కొనండి, మూడు కిలోలు ఇప్పుడు పట్టించండి, మిగతా మూడు కాయగానే దాచి ఆగస్టు చివర్లో పట్టించండి. లెక్క కూడా కుదురుతుంది. మూడు కిలోల కాయకు ముచ్చికలు, తాలు, ఎండలో తగ్గే నెమ్ము, మరలో ఉండిపోయేది పోను రెండు కిలోల ఏడు వందలకు అటూ ఇటూ వస్తుంది. ఆవకాయ, మాగాయలకు ముప్పావు కిలో తీసేస్తే మిగిలేది అయిదు నెలల కూరలకు సరిపోతుంది. రెండో విడత మళ్ళీ కొత్త కాయ వచ్చేదాకా.

కొనే దగ్గరికి వద్దాం. గుంటూరు మిర్చి యార్డులో లావాదేవీలన్నీ టిక్కీల, అంటే పెద్ద బస్తాల లెక్క, మనకు కావలసింది కిలోల లెక్క, కాబట్టి బయట కొట్లలోనే కొనాలి. కాయ ఫిబ్రవరి నుంచి దిగుతుంది గానీ మార్చి రెండో వారం నుంచి ఏప్రిల్ నెలాఖరు దాకా కొనడం మేలు. మొదట్లో వచ్చే కాయలో నెమ్ము ఎక్కువ. మే దాటాక కొట్లో కనిపించేది కొత్త కాయో, ఏసీలో, అంటే కోల్డ్ స్టోరేజీలో, పెట్టి తీసిన పాత కాయో మనబోటివాళ్ళు పోల్చుకోవడం కష్టం.

ఒక్క రకమే కొంటే రంగో కారమో ఏదో ఒకటి తక్కువవుతుంది. తేజ సన్నగా, పొట్టిగా ఉంటుంది, మంట విపరీతం. గుంటూరు సన్నం, గుంటూరు దగ్గరి లాం ఫారం (వ్యవసాయ పరిశోధన కేంద్రం) నుంచి వచ్చిన 334 రకం మధ్యస్థం, మన నాలుకకు అలవాటైన కారం ఇదే. బ్యాడిగి కర్ణాటక కాయ, ముడతలు ముడతలుగా ఉంటుంది, రంగు ఎక్కువ, మంట తక్కువ. నాలుగు పాళ్ళు సన్నం లేదా 334, ఒక పాలు తేజ, ఒక పాలు బ్యాడిగి అనుకుంటే ఆరు కిలోలకు సరిగ్గా సరిపోతుంది. పిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న ఇల్లయితే తేజ మానేసి ఆ కిలో కూడా బ్యాడిగే తెచ్చుకోండి. గుంటూరు వాళ్ళం బ్యాడిగి కొనడమేమిటని కొందరికి నామోషీ. కూర ఎర్రగా ఉండి కడుపు చల్లగా ఉంటే నామోషీ ఏముంది?

బస్తా పైన ఉన్న కాయ చూసి కొనకండి, చెయ్యి లోపలికి పెట్టి అడుగు నుంచి గుప్పెడు తీయించండి. రవాణాలో కాయ చిట్లకుండా నీళ్ళు చిలకరించడం ఈ వ్యాపారంలో మామూలే. ఆ నెమ్ము బరువుకు కూడా మనం డబ్బు కడతాం, అది పోతే పోనీ, అసలు బెడద బూజు. నాలుగైదు కాయలు మధ్యకు చీల్చి చూడండి. మంచి కాయ లోపల పసుపు, నారింజ కలిసిన రంగులో మెరుస్తుంది, గింజలు లేత పసుపు రంగులో విడివిడిగా ఉంటాయి. గింజల గుత్తి చుట్టూ బూడిద రంగులోనో నల్లగానో నూగు పట్టి ఉంటే పైకి కాయ ఎంత నిగనిగలాడినా ఆ సరుకు వద్దు. అలాంటి బూజుల్లో కొన్ని అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతాయి. ఎండబెట్టినా, వేయించినా, మరపట్టినా అది పూర్తిగా పోదు. ఏళ్ళ తరబడి తింటే కాలేయానికి చేటు. నిగనిగ మరీ ఎక్కువగా ఉంటే తెల్ల కాగితం మీద కాయను గట్టిగా రుద్దండి. నూనె మరక పడిందంటే మెరుపు కాయది కాదు, పూసిందన్నమాట.

తెల్లబారిన తాలు కాయలు ఇంటికొచ్చాక ఏరేయాల్సిందే. కిలోకు గుప్పెడు తాలు కలిసినా పొడి రంగు చెడగొడుతుంది.

ఎండబెట్టడానికి ఏప్రిల్ ఎండ రెండు రోజులు చాలు, బ్యాడిగికి మూడో రోజు కూడా కావాలి, దాని ముడతల్లో తడి దాక్కుంటుంది. కాలిన సిమెంటు మీద నేరుగా పోయకండి, కింద పట్టా, దాని మీద పాత నూలు చీర. కాయ మీద కాయ పడకుండా పలచగా పరిచి మధ్యాహ్నం ఒకసారి తిరగేయాలి. సాయంత్రం నాలుగున్నరకల్లా ఎత్తేయాలి. కృష్ణ ఒడ్డున ఉన్న ఊళ్ళో రాత్రి గాలిలో తేమ తక్కువేం కాదు, పగలు పోయినదంతా తెల్లారేసరికి తిరిగొస్తుంది. ఎత్తేటప్పుడు వేడి మీదే పాలిథిన్ సంచిలో కట్టడం ఇంకో పొరపాటు, లోపల చెమట పడుతుంది. అలాగని వారం రోజులు ఎండలో వదిలేసినా తప్పే, రంగు అక్కడే తేలిపోతుంది.

ఎండిందా లేదా అన్నది మధ్యాహ్నం మూడింటికి చూడొద్దు. ఆ వేడికి ప్రతి కాయా ఎండినట్టే అనిపిస్తుంది. నీడలోకి తెచ్చి గంటసేపు చల్లారాక చూడాలి. ముందు ముచ్చిక పట్టుకుని చెవి దగ్గర ఆడించండి, గింజలు గలగలమనాలి. తర్వాత ముచ్చిక దగ్గర, అంటే కాయ లావుగా ఉన్నచోట, వేలితో వంచండి. టప్పున విరిగితే సరే. తోలులా వంగి మళ్ళీ లేచిందంటే ఇంకో రోజు ఎండ కావాలి. కొస దగ్గర విరిచి చూసి ఎండిందనుకుంటారు చాలామంది. కొస ఎప్పుడూ ముందే ఎండుతుంది, తడి మిగిలేది భుజం దగ్గరే.

ఇప్పుడు పట్టించే మూడు కిలోలకే ముచ్చికలు తీయండి. దాచే కాయకు ముచ్చిక ఉండనివ్వాలి. అది తీసిన చోట కాయకు నోరు తెరుచుకుంటుంది, పురుగుకూ తేమకూ దారి అదే. ముచ్చికలు తీసేటప్పుడు రాలిన గింజలన్నీ ఊడ్చి మళ్ళీ కాయలో కలపనక్కర్లేదు. కారమంతా గింజల్లో ఉందని మనవాళ్ళ గట్టి నమ్మకం. నిజానికి అది గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో ఉంటుంది. గింజకు ఉన్న మంట ఆ ఈనెను రాసుకున్నందువల్ల వచ్చిందే. గింజ ఎక్కువైతే పొడి పసుపు రంగుకు తిరుగుతుంది, గింజలోని నూనె కొన్నాళ్ళకు ముక్కిన వాసన కొడుతుంది. చేతులు మండితే నీళ్ళతో కడిగి లాభం లేదు, క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు. ముందు కొబ్బరినూనో వంటనూనో బాగా రాసి, ఆపైన సబ్బుతో కడగాలి. కళ్ళ దగ్గరకు మాత్రం ఆ చెయ్యి రోజంతా పోనివ్వకండి.

మరకు వెళ్ళేది పొద్దున్నే, కాయ ఎండలో కాగి ఉన్నప్పుడు కాదు. ముందు ఆ మరలో ఏం పట్టారో అడగండి. శనగపిండో పసుపో పట్టి ఉంటే మొదట వచ్చే పావుకిలో పొడి వేరే కవర్లో పెట్టించి ముందుగా వాడేసుకోవచ్చు, ఏడాది సరుకులో కలపొద్దు. మెత్తగా, ఇంకా మెత్తగా అని రెండు మూడు సార్లు వెంటవెంటనే వేయించడం వల్ల పొడి కాగిపోయి నలుపు తిరుగుతుంది. కూరలకు ఒక మోస్తరు మెత్తన చాలు. మరీ మెత్తగా కావాలంటే మొదటి వాయి చల్లారనిచ్చి రెండోసారి వేయమనండి, మరవాళ్ళు విసుక్కుంటారు, అయినా అడగండి.

ఘాటు లేవకుండా మరలో నూనె వేస్తారు. కిలోకు ఒక చెంచా నువ్వులనూనె మించి వద్దు, వేరుశనగ నూనె అసలే వద్దు, తొందరగా ముక్కుతుంది. ఇంటికి తెచ్చాక వెంటనే డబ్బాలకెత్తడమే గడ్డలు కట్టడానికి అసలు కారణం. పొడి లోపల ఇంకా వేడిగా ఉంటుంది, మూత కింద ఆవిరి పట్టి మళ్ళీ అదే పొడిలోకి దిగుతుంది. నీడలో, ఫ్యాను లేని గదిలో, నూలు బట్ట మీద పరిచి మూడు నాలుగు గంటలు వదిలేయాలి. చేత్తో తాకితే చల్లగా తగలాలి. ఫ్యాను వేశారంటే ఇల్లంతా తుమ్ములే.

ఉప్పు కలపాలా వద్దా అన్నది ఇంటికో మాట. కిలో కారానికి వంద గ్రాముల ఉప్పు కలిపే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. కలిపేట్టయితే కళ్ళుప్పును పొడి మూకుడులో చిటపటలాడేదాకా వేయించి, చల్లారాక కాయతోపాటే పట్టించాలి. తడి ఉప్పు కలిపితే గడ్డలకు మనమే నారు పోసినట్టు. కాకపోతే ఆ డబ్బా మీద 'ఉప్పు కలిపింది' అని రాసి పెట్టండి. ఆవకాయకు ఆ కారమే కొలిచి, ఉప్పు కూడా మామూలు కొలతే పోశారంటే పచ్చడి ఉప్పు కషాయమే. ఆవకాయకు ఉప్పు కలపని కారం ముప్పావు కిలో విడిగా తీసి పెట్టుకోవడం అన్నిటికన్నా తేలిక.

సంబారు కారం సంగతి వేరు. కిలో మిరపకాయలకు ధనియాలు పావుకిలో, జీలకర్ర వంద గ్రాములు, మెంతులు యాభై, వెల్లుల్లి పావుకిలో, ఉప్పు రుచికి తగినంత, పైన నాలుగు చెంచాల ఆముదం, ఇదీ చాలా ఇళ్ళలో కొలత. మెంతులు విడిగా, ఎర్రబడేదాకా మాత్రమే వేయించాలి, నల్లబడితే మొత్తం చేదే. వెల్లుల్లి పచ్చి సరుకు, దాని తడి అంతా పొడికి అంటుతుంది కాబట్టి దీన్ని ఏడాదికి చేసుకోవడం దండగ. పావువంతు కొలతతో రెండు నెలలకోసారి ఇంట్లో మిక్సీలో చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే ఎప్పుడూ కమ్మగా ఉంటుంది. మిక్సీలో ఒక్కో వాయికి వంద గ్రాములు మించకుండా, పావు నిమిషం తిప్పి ఆపుతూ చేయాలి. ఆపగానే మూత తీయొద్దు, అయిదు నిమిషాలు ఆగితే పొడి అడుక్కి దిగుతుంది.

దాచడానికి జాడీ అయినా స్టీలు డబ్బా అయినా పరవాలేదు, మూత బిగువుగా ఉండి వెలుతురు సోకకపోతే చాలు. స్టవ్ పక్కన పెట్టే డబ్బాలో రెండు వందల గ్రాములకు మించి పోయకండి. కుక్కరు ఆవిరి, తడి చెంచా, పొయ్యి వేడి, ఆ డబ్బా పడని కష్టం ఉండదు. పెద్ద డబ్బా అటక మీద, లేదా చోటుంటే ఫ్రిజ్‌లో. ఫ్రిజ్ నుంచి తీసిన సీసా బయట వేడికి సర్దుకునేదాకా మూత తీయకూడదు, చల్లటి పొడి మీద గాలిలోని తేమ నీరై కూర్చుంటుంది. ఇంగువ ముక్క వేస్తే పురుగు రాదంటారు. వాసన మాత్రం బాగుంటుంది, భరోసా మూత మీదే పెట్టుకోండి. గోధుమరంగులో చిన్న గుండ్రటి పెంకు పురుగు, కాయ మీద సూది గుచ్చినంత రంధ్రాలు కనిపిస్తే వాటిని ఏరేసి, పురుగు తగలని కాయను గాలి చొరని కవర్లో కట్టి డీప్ ఫ్రీజర్‌లో వారం రోజులు ఉంచితే గుడ్లతో సహా పోతుంది.

ఈ గొడవంతా ఎందుకు, ప్యాకెట్ కొనుక్కుంటే పోలేదా అంటే, కొనుక్కోవచ్చు. విడిగా, గుట్టలు పోసి అమ్మే కారంతోనే జాగ్రత్త. గ్లాసు నీళ్ళలో చిటికెడు వేస్తే రంగు చారలు చారలుగా కిందికి దిగితే రంగు కలిపినట్టు, అడుగున గరగరలాడితే ఇటుకపొడో ఇసుకో ఉన్నట్టు అని చెబుతారు. ఆ పరీక్ష మంచిదే గానీ, కారం ఎర్రగా కనిపించడానికి కల్తీ చేసే సూడాన్ అనే పారిశ్రామిక రంగులు నీళ్ళలో కరగవు, నూనెలో కరుగుతాయి. గ్లాసు నీళ్ళు వాటిని పట్టలేవు. 2003లో మన దేశం నుంచి వెళ్ళిన కారంలో సూడాన్-1 బయటపడే యూరప్‌లో అంత రగడ అయింది. గ్లాసులో తేలిగ్గా నెగ్గినంత మాత్రాన కారం మంచిదని కాదు.

కారం తింటే కడుపులో పుండ్లు పడతాయన్న మాట పాతది. పుండ్లకు ప్రధాన కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా, విచ్చలవిడిగా వేసుకునే నొప్పి మాత్రలు. ఆ బాక్టీరియాను కనిపెట్టినందుకే 2005లో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు నోబెల్ వచ్చింది. అయితే పుండు ఉన్నవాళ్ళకు, పుల్లటి తేన్పులు వచ్చేవాళ్ళకు, మొలలు గానీ ఫిషర్ (మలద్వారం దగ్గర చీలిక) గానీ ఉన్నవాళ్ళకు కారం బాధ పెంచుతుంది, అందులో అనుమానం లేదు. నిజానికి కారం రుచి కాదు, నొప్పి. వేడి తగిలినప్పుడు మేలుకునే నరాల తలుపునే క్యాప్సైసిన్ కూడా తడుతుంది. ఆ తలుపును కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్‌లో సగం దక్కింది. క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు కాబట్టి నోరు మండినప్పుడు నీళ్ళు ఎన్ని తాగినా అంతే, పాలు, పెరుగు, చిక్కటి మజ్జిగ అయితే వాటిలోని కేసీన్ ఆ పదార్థాన్ని అంటించుకుని తీసుకుపోతుంది. పచ్చడన్నం తర్వాత పెరుగన్నం మన భోజనంలో ఊరికే రాలేదనిపిస్తుంది.

బీపీ ఉన్న ఇంట్లో భయపడాల్సింది మిరపకాయకు కాదు, దానికి తోడొచ్చే ఉప్పుకు. రోజుకు మనిషికి 5 గ్రాముల లోపు ఉప్పు, అంటే చెంచాకు మించకుండా, అని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. నలుగురింట్లో రోజుకు వాడే కారం 13 గ్రాములనుకుంటే, ఉప్పు కలిపిన కారమే అయినా దాని ద్వారా మనిషికి చేరేది 0.3 గ్రాములే. లెక్క తప్పేది ఆవకాయ ఊటలో, ఊరమిరపకాయల్లో, అప్పడాల్లో.

రెండో విడత ఆగస్టు చివర్లో కదా, అప్పుడు ఎండ ఎక్కడిది అంటే, అదీ నిజమే. ముసురు పట్టిన రోజుల్లో దాచిన కాయ ఎంత బిగించి పెట్టినా కొంచెం మెత్తబడుతుంది. వాన వెలిసి రెండు మూడు గంటల ఎండ గట్టిగా కాసిన రోజు చూసుకుని, పదకొండింటికి పరిచి రెండింటికి ఎత్తి, చల్లారాక భుజం దగ్గర విరిచి చూడండి. ఎండ అసలే రాకపోతే మందపాటి మూకుడును సన్న సెగ మీద వేడిచేసి, పొయ్యి ఆపేసి, గుప్పెడు గుప్పెడుగా కాయ వేసి కలుపుతూ ఉండాలి. మూకుడు చల్లారితే మళ్ళీ వేడిచేయాలి. పొయ్యి వెలుగుతుండగా కాయ వేశారంటే చిటికెలో నల్లమచ్చ పడుతుంది, ఇల్లంతా దగ్గులు. ఓవెన్ ఉన్నవాళ్ళు 60 డిగ్రీలకు పెట్టి, తలుపు వేలెడంత సందు ఉంచి గంటసేపు వదిలితే సరిపోతుంది. ముచ్చికలు మాత్రం ఇవన్నీ అయ్యాక, మరకు బయల్దేరే ముందే.